కంటైనర్ వెంట నడిచే చదువు

షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్లే పోర్టు రోడ్డు మీద పగలూ రాత్రీ కంటైనర్ లారీలు తిరుగుతూనే ఉంటాయి. వాటిని దాటుకుంటూ బైకుల మీద, ఆర్టీసీ బస్సుల్లో మన పిల్లలు కాలేజీలకు వెళ్తారు. క్లాసులో కూర్చుని ఇంటర్నేషనల్ బిజినెస్ పేపరుకు నోట్సు దింపుకుంటారు. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే ఏమిటో అయిదు మార్కులకు సరిపడా రాయగలరు. ఎప్పుడైనా ఒకటి చేత్తో పట్టుకుని చూశారా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. సముద్రం లేని ఊళ్లో చదివేవాళ్లకు ఆ లోటు ఉందంటే అర్థం చేసుకోవచ్చు. విశాఖలో చదివేవాళ్లకు ఉండకూడదు.

ఈ సబ్జెక్టు మీకు తలకెక్కడం లేదంటే, పాఠాన్ని ఏ కొస నుంచి పట్టుకున్నారో ఒకసారి చూసుకోండి. రికార్డో సిద్ధాంతంతో మొదలుపెట్టి, ప్రపంచ వాణిజ్య సంస్థ మీదుగా నడిచి, పరీక్షలు దగ్గర పడ్డాక ఎగుమతి పత్రాలను హడావిడిగా ముగించడం మన కాలేజీల్లో మామూలు. ఆ వరసను తిరగేయండి. ముందు ఒక్క సరుకు ఎంచుకోండి. అది ఇక్కడి నుంచి పరాయి దేశపు వంటింటి దాకా ఎలా వెళ్తుందో, దారిలో ఏ కాగితం ఎవరి చేతికి మారుతుందో, ఎవరి డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో దాని వెంటే నడిచి తెలుసుకోండి. సిద్ధాంతాలు దారిలో ఎదురవుతాయి. అవసరం పడిన చోట ఎదురైన సిద్ధాంతాన్ని మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

రొయ్యతో మొదలుపెట్టండి

మన తీరంలో ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు. వనామీ రొయ్య మన సముద్రానిది కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నైకి దిగి, అక్కడ క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాత మన తీరంలోని హేచరీలకు చేరతాయి. అంటే చెరువులో పిల్ల పడకముందే ఒక దిగుమతి జరిగిపోయింది. ఈ ఒక్క విషయం తెలిస్తే, ఎగుమతి వేరు, దిగుమతి వేరు అని పుస్తకం గీసిన గీత చెరిగిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. చెరువు గట్టు మీద రైతు 50 కౌంట్ అంటాడు. కిలోకు 50 రొయ్యలు తూగుతాయని అర్థం. ఒక్కో రొయ్య 20 గ్రాములు. అమెరికా కొనుగోలుదారు పౌనుకు ఎన్ని వస్తాయని అడుగుతాడు, అదీ తల తీసిన రొయ్యకు. తల తీస్తే బరువులో మూడో వంతు పైనే పోతుంది. మిగిలింది 13 గ్రాములనుకుంటే, 453.6 గ్రాముల పౌనుకు దాదాపు 35 రొయ్యలు. బయ్యర్ జాబితాలో అది 31/35 వరసలో పడుతుంది. రొయ్య ఒక్క గ్రాము తగ్గిందంటే తర్వాతి వరసలోకి జారుతుంది, ధర మారుతుంది. చెరువు దగ్గర కిలో ధర, బయ్యర్ ఇచ్చే పౌను ధర పక్కపక్కన పెట్టి, మధ్యలో ఐసు, తల తీయడం, ఫ్రీజింగ్, ప్యాకింగ్, కోల్డ్ స్టోరేజీ, ఓడ కిరాయి ఒక్కొక్కటీ రాసుకుంటూ పొండి. వాల్యూ చైన్ మీద ఎన్ని పవర్‌పాయింట్లు చూసినా రాని అవగాహన ఆ ఒక్క కాగితంతో వస్తుంది.

ఆ లెక్కకు డాలరును జోడించండి. ఉదాహరణకు ఒక నలభై అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్లో 16 టన్నుల సరుకు, కిలో 7 డాలర్లు అనుకుందాం. మొత్తం 1,12,000 డాలర్లు. డాలరు మీద ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే ఎగుమతిదారుకు 1,12,000 రూపాయల తేడా. ఇది అర్థమైన రోజున, మారకపు రేటును ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టు పాఠం దానంతటదే ఆసక్తిగా మారుతుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రోజూ ప్రకటించే రిఫరెన్స్ రేటు రాయండి. పక్కన, ఈ రోజు డబ్బు వస్తే మీ ఊహా కంటైనర్‌కు ఎంత లాభమో ఎంత నష్టమో రాయండి. సెమిస్టర్ అయ్యేసరికి మారకపు రేటు అంటే మీకు డబ్బు వాసన తగులుతుంది.

దేశాల మధ్య నిబంధనల సంగతీ రొయ్యే చెబుతుంది. మేతలో నిల్వ కోసం వాడే ఎథాక్సిక్విన్ అనే పదార్థం ఆనవాళ్లు మన రొయ్యల్లో ఉన్నాయని 2012లో జపాన్ తనిఖీలు బిగించింది. అక్కడి పరిమితి పది లక్షల భాగాల్లో 0.01 భాగం. తర్వాత 2014లో దాన్ని 0.2కు సడలించారు. ఆ మధ్యకాలంలో మేత కంపెనీ, రైతు, ఫ్యాక్టరీ, పరీక్ష చేసే ల్యాబ్, ఎగుమతి అధికారి ఎవరెవరు ఏం చేసి ఉంటారో ఒక్కొక్కరి వైపు నుంచి ఆలోచించి రాయండి. సుంకాల పాఠానికి 2025 చాలు. ఆ ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అతిపెద్ద మార్కెట్టూ అదే దేశం. ఆ పెంపు వార్త విన్న మర్నాడు భీమవరంలో రైతు, విశాఖ ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే మహిళ, న్యూజెర్సీలో హోల్‌సేలర్ ఏం ఆలోచించి ఉంటారు? అప్పటి నుంచి ఇప్పటికి ఆ సుంకాల్లో ఏ మార్పులు వచ్చాయో మీరే వెతికి ఒక పేజీ రాయండి. పుస్తకం అచ్చయ్యేలోపు పాతబడే సబ్జెక్టు ఇది. వార్తను వెంటాడే అలవాటు లేనివాడు ఇందులో నిలవలేడు.

విశాఖలో అమెరికా బంధువు లేని వీధి లేదు. ఆ వదిననో, పెద్దనాన్న కొడుకునో ఒక సాయం అడగండి. సూపర్ మార్కెట్టుకు వెళ్లినప్పుడు ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్టు రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. సముద్ర ఉత్పత్తి ఏ దేశానిదో రిటైల్ దుకాణంలో తెలపడం అక్కడ 2005 నుంచి తప్పనిసరి. ఇండియా అని రాసి ఉందా, ఈక్వెడార్ అని ఉందా, వియత్నాం అని ఉందా చూడండి. పౌను ధర చూడండి. మన పోటీదారు ఎవరో ఆ ప్యాకెట్టు చెబుతుంది.

కాగితం మీద నమ్మకం కట్టడం

ఇక్కడ కాసేపు ఆగాలి. మన విద్యార్థులు ఎక్కువగా జారిపోయేది, ఉద్యోగంలో చేరాక ఎక్కువగా పనికొచ్చేది ఈ భాగమే.

విశాఖ ఎగుమతిదారు, బోస్టన్ కొనుగోలుదారు ఒకరినొకరు చూసి ఉండకపోవచ్చు. సరుకు ముందు పంపితే డబ్బు వస్తుందా అని ఇతనికి భయం. డబ్బు ముందు పంపితే సరుకు వస్తుందా అని అతనికి భయం. ఈ రెండు భయాల మధ్య బ్యాంకు నిలబడి, సరైన కాగితాలు చూపించు, డబ్బు ఇస్తాను అంటుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) అంతా ఇంతే. అయితే బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. రొయ్యలు ఎంత బాగున్నా కాగితం తప్పైతే డబ్బు ఆగుతుంది. ఈ నియమాలన్నీ యూసీపీ 600 అనే నిబంధనావళిలో ఉన్నాయి. 2007 నుంచి అమల్లో ఉంది. చిన్న పుస్తకమే, చదవండి.

దీన్ని క్లాసులో ఆడవచ్చు. నలుగురేసి జట్లు కట్టండి. ఒకరు ఎగుమతిదారు, ఒకరు క్లియరింగ్ ఏజెంట్, ఒకరు బ్యాంకు, ఒకరు విదేశీ బయ్యర్. ఒక ఊహా ఎల్‌సీ తయారు చేయండి. దానికి కావలసిన ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్సూరెన్సు పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అన్నీ చేత్తో రాయండి. కంప్యూటర్లో కాపీ పేస్టు చేస్తే కన్ను జారిపోతుంది, చేత్తో రాస్తే ప్రతి గడి దగ్గరా ఆగాలి. తర్వాత మీ కట్టను పక్క జట్టుకు ఇవ్వండి. వాళ్లు బ్యాంకు వాళ్లై తప్పులు పట్టాలి. నిజం బ్యాంకుకు అయిదు పనిదినాల గడువు, మీకు ఒక పీరియడ్ చాలు.

ఏం పట్టుకోవాలి? ఎల్‌సీలో ఓడకు ఎక్కించాల్సిన ఆఖరి తేదీ 15 అయితే బిల్ ఆఫ్ లేడింగ్ మీద 16 పడిందా? ఇన్సూరెన్సు సీఐఎఫ్ (సరుకు, బీమా, ఓడ కిరాయి కలిపిన) విలువకు 110 శాతం ఉండాల్సింది, వంద దగ్గరే ఆపారా? ఓడ ఎక్కాక 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకుకు చేరాలన్న నియమం తప్పారా? ఇన్‌వాయిస్‌లో సరుకు పేరు ఎల్‌సీలో ఉన్నదానితో పొసగుతోందా? పరిమాణం ముందు ‘సుమారు’ అని ఎల్‌సీలో ఉంటే పది శాతం ఎక్కువ తక్కువలకు అనుమతి ఉన్నట్టు. ఆ ఒక్క మాట లేకపోతే లెక్క మారిపోతుంది. ఇలాంటి తప్పు ఒకటి తన కళ్లతో పట్టుకున్న విద్యార్థి ముఖంలో వచ్చే వెలుగు, మొత్తం యూనిట్ బట్టీ పట్టి పరీక్ష రాసినవాడి ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఖర్చు, ప్రమాదం ఎక్కడిదాకా ఎవరివో చెప్పే అమ్మకపు షరతులు ఇన్‌కోటర్మ్స్ కూడా ఇలాగే నేర్చుకోవాలి. 2020 కూర్పులో పదకొండు ఉన్నాయి. పదకొండూ పట్టికగా కంఠతా పట్టకండి. మీ ఊహా కంటైనర్‌కు ఒక కష్టం తెచ్చిపెట్టండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చివరి కొసను చుట్టి వెళ్లాయి. రోజులు పెరిగాయి, కిరాయి పెరిగింది. మీ సరుకు ఎఫ్ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) మీద అమ్మి ఉంటే ఆ భారం ఎవరిది? సీఐఎఫ్ మీద అయితే ఎవరిది? దారిలో రీఫర్ చెడి మైనస్ 18 డిగ్రీలు నిలవకపోతే నష్టం ఎవరి మీద పడుతుంది? సీఐఎఫ్‌లో కిరాయి అమ్మినవాడిదే అయినా, ఓడ ఎక్కాక ప్రమాదం కొన్నవాడిదే అన్న సంగతి ఈ ప్రశ్న దగ్గరే తెలిసొస్తుంది. ఈ మెలిక దగ్గర తడబడని విద్యార్థి అరుదు.

రోడ్డు మీద వెళ్లే కంటైనర్‌ను కూడా చదవడం నేర్చుకోండి. తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్న పది గుర్తుల నుంచి లెక్కగట్టి వచ్చినది. ఎవరైనా నంబరు తప్పుగా కొడితే ఆ లెక్క కుదరక కంప్యూటర్ పట్టేస్తుంది. ఆ కింద 22జీ1 అని ఉంటే ఇరవై అడుగుల మామూలు పెట్టె, 45ఆర్1 అని ఉంటే ఎత్తు ఎక్కువ ఉన్న నలభై అడుగుల రీఫర్. అలాంటి పెట్టె ఒకటి పోర్టు వైపు వెళ్తుంటే అందులో ఏముండొచ్చో ఊహించే కన్ను మీకు రావాలి.

అరకు రైలు చెప్పే కేసు

మన పుస్తకాల నిండా యూరో డిస్నీ కథ, వాల్‌మార్ట్ జర్మనీ నుంచి వెనక్కి వచ్చిన కథ. చదవాల్సినవే. కానీ పిక్నిక్‌కు అరకు రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టే విద్యార్థికి ఆ పట్టాలు ఎందుకు పడ్డాయో తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోలుకుంటున్న జపాన్ ఉక్కు కంపెనీలకు ఇనుప ఖనిజం కావాలి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో మేలురకం ఖనిజం ఉంది, దాన్ని సముద్రానికి చేర్చే దారి లేదు. 1960లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ దశకంలోనే తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ దాకా లైను వేశారు. పెద్ద ఖనిజం ఓడలు లోపలి హార్బర్‌లోకి రాలేవు కాబట్టి బయటి హార్బర్ కట్టారు. 1976లో అది పనిలోకి వచ్చింది. ఒక దేశపు ఫర్నేసుల ఆకలి మరో దేశంలో రైలు మార్గాన్ని, రేవు రూపాన్ని మార్చేసిన కథ ఇది.

దీన్ని కేసుగా రాయండి. కొనేవాడు దీర్ఘకాలపు మాట ఇవ్వకపోతే ఇంత ఖర్చు ఎవరు పెడతారు? ఖనిజం ముడిగానే పంపడం మంచిదా, ఉక్కు చేసి పంపడం మంచిదా? లైను వెళ్లిన కొండ గ్రామాలకు దక్కిందేమిటి, పోయిందేమిటి? ఈ మూడో ప్రశ్నను వదలకండి. వ్యాపారం చదివేవాళ్లు అడగకపోతే దాన్ని అడిగే చోటు మరొకటి ఉండదు. ఇలాంటి కేసులు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన షిప్‌యార్డు నుంచి 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జలఉష ఓడ ఒకటి. 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం తెరిచిన అరకు కాఫీ మరొకటి.

విశాఖ ఉక్కు కర్మాగారం దగ్గర పాఠం వేరు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటిలో పడే కోక్ తయారీకి వాడే కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియాది. 2017 మార్చిలో డెబ్బీ తుపాను క్వీన్స్‌లాండ్ బొగ్గు రైలు మార్గాలను దెబ్బతీసింది, ప్రపంచ మార్కెట్లో కోకింగ్ బొగ్గు ధర ఒక్కసారిగా ఎగిసింది. 2014 హుద్‌హుద్ చూసిన మనకు తుపాను అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడో పుట్టిన తుపాను గాజువాకలో ఉత్పత్తి ఖర్చును పెంచగలదని గ్రహిస్తే సప్లై చైన్ రిస్కు పాఠం సగం అయిపోయినట్టే.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

పోర్టు లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు. డిపార్ట్‌మెంట్ తరఫున లెటర్ పెట్టించుకోండి, జవాబు రావడానికి సమయం పడుతుంది కాబట్టి సెమిస్టర్ మొదటి వారంలోనే కదలండి. అది దొరికేలోపు బయట చూడాల్సింది చాలా ఉంది. పాత ఊళ్లో క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులు, దువ్వాడలో ప్రత్యేక ఆర్థిక మండలి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా ప్రాంతీయ కార్యాలయం, విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ ఆఫీసు అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి.

వెళ్లినప్పుడు ఎగుమతుల గురించి చెప్పండి సార్ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ దగ్గర ఈ మధ్య ఇరుక్కున్న షిప్‌మెంట్ ఏది సార్, ఎందుకు ఇరుక్కుంది, ఎలా బయటపడింది అని అడగండి. ఆ ప్రశ్నకు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెబుతారు. పార్టీ పేరు, ధర రాసుకోవద్దని వాళ్లు అంటే ఆ మాట నిలబెట్టుకోండి. ఈ ఊళ్లో వ్యాపారం చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది, మీ పేరు కూడా ఇప్పటి నుంచే తయారవుతోంది.

ఇంగ్లిష్ భయం గురించి రెండు మాటలు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎంబీఏ క్లాసులో వెనక బెంచీ వెతుక్కునే వాళ్లను ఏటా చూస్తాను. ముందు ఎల్‌సీ ఎలా పనిచేస్తుందో ఇంటికి ఫోన్ చేసి అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమెకు అర్థమైందంటే మీకు వచ్చినట్టే. తర్వాత అదే సంగతిని ఇంగ్లిష్‌లో ఆరు వాక్యాల ఈమెయిల్‌గా రాయండి. సరుకు ఏది, ఎంత, ఎప్పుడు, ఏ రేవు, ఏ ధర, మీ నుంచి ఏం కావాలి. వ్యాపారంలో రోజూ నడిచే ఇంగ్లిష్ చాలావరకు ఈ ఆరు వాక్యాల్లోనే ఉంది. ఒసాకాలో దాన్ని చదివే మనిషికి కూడా అది సొంత భాష కాదు.

లెక్చరర్లకు

ఒక సరుకు వెంట నడుస్తూ జట్టు రాసిన ఈ లెక్కలు, కాగితాలు అన్నీ ఒక కన్‌సైన్‌మెంట్ ఫైలుగా కట్టించి, ఇంటర్నల్ మార్కుల్లో సగం దానికి ఇవ్వండి. మార్కులు లేని పనిని పిల్లలు సరదాగా తీసుకుంటారు, ఆ తప్పు వాళ్లది కాదు. వైవా తెలుగులో చెప్పే వీలు కల్పించండి. గెస్ట్ లెక్చర్‌కు కంపెనీ సీఈఓలనే పిలవనక్కర్లేదు. బ్యాంకులో ఎగుమతి పత్రాలు చూసే ఆఫీసరును పిలవండి, చెరువు రైతును పిలవండి. శాలువా, పారితోషికం సీఈఓకు ఇచ్చేదే రైతుకూ ఇవ్వండి. ఆంధ్రా యూనివర్సిటీ, గీతం, ఐఐఎం, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. వ్యాపారం చదివేవాళ్లనూ ఓడలు, రేవుల గురించి చదివేవాళ్లనూ ఏడాదికి ఒక్కరోజైనా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎల్‌సీ ఆట ఆడించవచ్చు. దానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు, రెండు ఫోన్ కాల్స్ చాలు.

విద్యార్థులకు మాత్రం ఒకటే కోరిక. ఈ అధ్యాయం చదివాక పుస్తకం మూసి, ముగ్గురు స్నేహితులను పిలిచి, మీ జట్టు సరుకు ఏమిటో ఇవాళే తేల్చుకోండి. రొయ్యా, కాఫీయా, జీడిపప్పా, ఉక్కు కడ్డీయా, ఏదైనా సరే. దాని హెచ్ఎస్ కోడు (సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ సంఖ్య) వెతికి ఫైలు మొదటి పేజీ మీద రాయండి.